కిహేయి గొంతుతో సింగపూర్‌కు

సింగపూర్ వెళ్లొచ్చానని తెలిసినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, అక్కడ ఏమేం చూశావని. చూసినవి తక్కువే. నేను వెళ్లింది గొంతు పరీక్షకు. ముప్ఫై అయిదేళ్లుగా డబ్బింగ్ చెప్పి పొట్ట పోసుకున్నవాడికి అరవై దాటాక పరీక్ష ఏమిటని మా ఆవిడ గొణిగింది. నాకూ ఉక్రోషంగానే ఉంది. కానీ టికెట్టు స్టూడియో వాళ్లే పంపారు, పైగా పని కావలసింది నాకే. నోరు మూసుకుని బయల్దేరాను. ఈ నోరు మూసుకోవడం మాటవరసకు అంటున్నది కాదు, ముందు ముందు చెబుతాను.

శాటిలైట్ చానళ్లు కొత్తగా వచ్చిన రోజుల్లో తెలుగులో ఒక జపాను సీరియల్ వచ్చేది. వాళ్లు మాంగా అనే బొమ్మల కథల పుస్తకం ఆధారంగా ఎప్పుడో తీసిన సమురాయ్ సీరియల్ అది. కథానాయకుడు కిహేయి ఒకప్పుడు ఒక ప్రభువు కొలువులో కత్తి పట్టినవాడు. కొలువు పోయింది. వంతెన లేని పెద్ద ఏటి దగ్గర కూలికి చేరి, బాటసారుల్ని భుజాల మీద కూర్చోబెట్టుకుని అవతలి ఒడ్డుకు చేరుస్తుంటాడు. కత్తిని మాత్రం గడ్డిలో చుట్టి ఒడ్డున దాచుకుంటాడు. వారానికొక బాటసారి, అతని వెనక ఒక కథ. మన చానల్ వాళ్లు దానికి ‘నెత్తుటి రేవు’ అని పేరు పెట్టారు. అందులో నెత్తురు పెద్దగా ఉండదు, రేవు మాత్రం ప్రతి వారం ఉంటుంది.

ఆ కిహేయికి తెలుగు గొంతు నాది. అప్పట్లో నా గొంతుకు అడుగున మంచి బరువు ఉండేది. మైకుకు దూరంగా నిలబడమని ఇంజనీరు బతిమాలేవాడు. అందరికీ గుర్తున్న సీను ఒకటుంది. కిహేయి భుజాల మీదికి ఒక ముసలి బాటసారి ఎక్కుతాడు. ఏటి మధ్యకు వచ్చాక అతని మాటల్లోనే తెలిసిపోతుంది, కిహేయి అన్నను చంపినవాడు ఇతనేనని. కిహేయి నీళ్లలో ఆగిపోతాడు. కెమెరాకు వీపు పెట్టి చాలాసేపు నిలబడతాడు. డబ్బింగ్ వాళ్లకు ఇంతకంటే పండగ ఉండదు. పెదవులు కనపడవు కాబట్టి కలపాల్సిన పని లేదు, ఎంత మాటైనా పెట్టొచ్చు. మా రచయిత పెట్టేశాడు. “నా భుజం ఎక్కినవాడు నా అతిథి! ఒడ్డు చేరాకే వాడు నా శత్రువు!” నేను గర్జించాను. టీ తెచ్చినతను గ్లాసులు కింద పెట్టి చప్పట్లు కొట్టాడు. ఆ తరువాత కొన్నేళ్ల పాటు నా ముఖం తెలియని ఊళ్లలో కూడా ఆ ఒక్క మాట చెబితే కుర్చీ వేసేవాళ్లు.

ఇప్పుడు ఆ సీరియల్‌ను శుభ్రం చేసి మళ్లీ తెలుగులో, కొత్త డబ్బింగ్‌తో, ఇంటర్నెట్‌లో పెడుతున్నారు. సింగపూర్‌లో ఆ పని చూస్తున్న ప్రవీణ్ అనే డైరెక్టరు కాకినాడ అతను. చిన్నప్పుడు కిహేయిని చూసి పెరిగానని, ఆ గొంతు తప్ప ఇంకోటి ఊహించలేనని, అయినా పరీక్ష ఒకటి తప్పదని రాశాడు. అతనికి తెలియనిది ఒకటుంది. రెండేళ్ల కిందట నా స్వరపేటిక మీద చిన్న బుడిపె లేస్తే తీసేశారు. మాట చక్కగానే వచ్చింది, అడుగున ఉండే బరువు మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు నాకొచ్చేవన్నీ తాతల పాత్రలు, తైలాల ప్రకటనలు. కిహేయి కూడా వేరేవాడికి పోతే ఇది నాదని చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. ఆ భయంతోనే ఒక నిర్ణయం తీసుకున్నాను. సోమవారం పొద్దున పరీక్ష. విమానం ఎక్కింది మొదలు అప్పటిదాకా మౌనం. గొంతును ఎంత దాచుకుంటే అంత మిగులుతుందని నా లెక్క.

శుక్రవారం రాత్రి హైదరాబాద్‌లో ఎక్కితే శనివారం ఆరున్నరకు చాంగీలో దించారు. విమానంలో చలి ఎక్కువ, మఫ్లరు, మంకీ క్యాపు తీసుకెళ్లడం మంచిది. వీసా కాక, దేశంలోకి వస్తున్నట్టు ఇంకో వివరాల పత్రం ఆన్‌లైన్‌లో నింపాలి. అక్కడ దిగే రోజుకు మూడు రోజుల ముందు నుంచి నింపొచ్చు, దానికి రుసుము లేదు. ఇమ్మిగ్రేషన్‌లో నన్ను ఎవరూ ఒక్క ప్రశ్న వేయలేదు. పాస్‌పోర్టు పెట్టి ముఖం చూపిస్తే గేటు తెరుచుకుంది. మౌనవ్రతం పట్టినవాడికి ఇంతకంటే అనువైన దేశం లేదనిపించింది.

మా అక్క కూతురు సుజాత యూ టీలో ఉంటుంది. విమానాశ్రయం నుంచి అది ఊరికి పూర్తిగా అవతలి కొస. టాక్సీ వద్దు, రైలెక్కండి. మన బ్యాంకు కార్డే గేటు దగ్గర తాకిస్తే సరిపోతుంది. తానా మేరాలో ఒకసారి, జురాంగ్ ఈస్ట్‌లో ఒకసారి మారాలి. సుమారు గంటన్నర పట్టింది. రైల్లో కూడా చలే. మంకీ క్యాపు, మఫ్లరుతో కూర్చున్న నన్ను ఎదురు సీట్లోని చైనా పెద్దావిడ కాసేపు పరికించి చూసింది.

“అంకుల్, యూ సిక్ ఆ?” అని అడిగింది.

నేను గొంతు చూపించి చెయ్యి ఊపాను. ఆవిడ తన సంచిలోంచి ఒక మాస్కు తీసి నాకిచ్చి, లేచి వెళ్లి రెండు సీట్లవతల కూర్చుంది. మాస్కు పెట్టుకున్నాను. వెచ్చగా బాగానే ఉంది.

యూ టీ స్టేషనుకు సుజాత, కూతురు అన్వి వచ్చారు. ఫ్లాస్కులో వేడినీళ్లు తెమ్మని ముందే మెసేజ్ పెట్టాను, తెచ్చింది. స్టేషను బయటికి రాకముందే మూత తీయబోయాను.

“తాతా, కెనాట్ డ్రింక్ హియర్ లా! ఫైన్!” అని అన్వి నా చెయ్యి పట్టుకుంది. రైళ్లలో, స్టేషన్లలో మంచినీళ్లు తాగినా జరిమానాయేనట. వెళ్లేవాళ్లు గుర్తుంచుకోండి.

“ఏంటి మావయ్యా, నిజంగానే మాట్లాడవా? రెండు రోజులా? అమ్మకి ఫోన్ చేస్తే ఏం చెప్పను, తమ్ముడు మూగనోము పట్టాడని చెప్పనా?” అంది సుజాత. తలూపాను. నా వంతు మాటలు కూడా కలిపి దారి పొడవునా తనే మాట్లాడింది.

వాళ్ల ఫ్లాటు పదకొండో అంతస్తులో. కిటికీలోంచి చూస్తే ఒకే రకం భవనాలు, వాటి మీద పెద్ద పెద్ద అంకెలు, మధ్యలో పచ్చటి చెట్లు. ఇడ్లీ పెట్టింది. చట్నీలో కారం ఉంటుందని వద్దన్నాను, పెరుగు కఫమని వద్దన్నాను, ఆవకాయ వైపు చూడనే లేదు. అల్లుడు రవి బ్యాంకులో కంప్యూటర్ల పని చేస్తాడు, నిదానమైన మనిషి. “మావయ్యగారికి ఈ ట్రిప్పులో సైటు సీయింగు అంటే వేడినీళ్లే,” అన్నాడు.

సుజాత తెలివైంది. నా కోసం లైబ్రరీ నుంచి ఒక పుస్తకం తెచ్చి ఉంచింది, కిహేయి కథ మాంగా, ఇంగ్లిష్‌లో. ఇన్నేళ్లు అతనికి గొంతునిచ్చి, అసలు పుస్తకం చూడటం అదే మొదలు. ఆత్రంగా తెరిచాను. మొదటి పేజీలోనే ఎవరో చనిపోయి ఉన్నారు, అందరూ ఏడుస్తున్నారు.

“తాతా, యూ ఆర్ స్టార్టింగ్ ఫ్రమ్ ద ఎండ్!” అని అన్వి పడీపడీ నవ్వి పుస్తకాన్ని తిప్పి పెట్టింది. ఈ పుస్తకాలు కుడి నుంచి ఎడమకు చదవాలట. పదేళ్ల పిల్ల పక్కన కూర్చుని వేలు పెట్టి చూపిస్తుంటే, అరవై దాటినవాణ్ణి బొమ్మల కథ చదవడం నేర్చుకున్నాను.

ఏరు దాటే సీను వచ్చింది. నీళ్లు, రాళ్లు, కిహేయి మోకాళ్లు, ముసలివాడి పాదాలు, మళ్లీ నీళ్లు. గడి తరువాత గడి. ఎక్కడా మాట లేదు. మాటలు రాసే ఆ తెల్లటి బుడగలు ఒక్కటీ లేవు. ఒక గడిలో కిహేయి నోరు సన్నటి గీతలా మూసి ఉంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇంత పెద్ద సీనులో డైలాగు ఎగ్గొట్టారంటే అనువదించినవాళ్లు ఎంత బద్ధకస్తులో అనుకున్నాను. లైబ్రరీ వాళ్లకు చెప్పమని సుజాతకు ఫోనులో టైపు చేసి చూపించాను. “సర్లే మావయ్యా, పడుకో,” అంది.

ఆదివారం రవి నన్ను లిటిల్ ఇండియా తీసుకెళ్లాడు. కరక్కాయ, శొంఠి కావాలి నాకు. యూ టీ నుంచి వెళ్లేవాళ్లు చువా చు కాంగ్‌లో దిగి, అక్కడి చిన్న రైల్లో బుకిట్ పంజాంగ్ చేరి, డౌన్‌టౌన్ లైన్ ఎక్కితే మళ్లీ మారక్కర్లేదు. సెరంగూన్ రోడ్డులో మూడో కొట్లోనే కరక్కాయ దొరికింది. చిన్న ముక్క బుగ్గన పెట్టుకున్నాను. వగరుకి ముఖం ముడుచుకుపోయినా గొంతుకు ధైర్యం వచ్చింది.

ఆదివారం కాబట్టి వీధి నిండా మన మనుషులే. డబ్బు పంపే కొట్ల ముందు క్యూలు, ఫోన్లలో ఇంటివాళ్ల ముఖాలు, పచ్చిక మీద గుంపులు గుంపులుగా కూర్చున్న కుర్రాళ్లు, నడివయసువాళ్లు. తెలుగు వినిపించిన చోట రవి ఆగాడు. నిదానమైన మనిషని చెప్పాను కదా, ఆ నిదానం నా విషయంలో పని చేయలేదు.

“అన్నా, నెత్తుటి రేవు గుర్తుందా? అందులో కిహేయి గొంతు ఈయనదే,” అనేశాడు.

పది మంది లేచారు. జగిత్యాల వైపు నుంచి వచ్చి షిప్‌యార్డులో పని చేస్తున్న మల్లేశం అనే అతను నా రెండు చేతులూ పట్టుకున్నాడు. “మీరేనా సార్? గా కిహేయి మీరేనా? ఒక్కపారి చెప్పుండ్రి సార్, మీకు దండం పెడ్త!”

నేను మఫ్లరు చూపించాను. రేపటి పరీక్ష సంగతి రవి వివరించాడు. వాళ్లు ఏమాత్రం నొచ్చుకోలేదు. “అయితే నేనే చెప్త, ఇనుండ్రి,” అని మల్లేశం రెండడుగులు వెనక్కి వేసి, వీపు తిప్పి, భుజం మీద ఎవరో ఉన్నట్టు చేతులు పైకెత్తి, నా డైలాగు చెప్పాడు. ఆ గొంతులో ఉన్న బరువుకి పక్క గుంపు వాళ్లు కూడా తిరిగి చూశారు. అందరూ ఈలలు వేశారు. నాకు ఒళ్లు పులకరించింది. కానీ అంత బరువు నా దగ్గర ఇప్పుడు లేదు.

“యార్డుల పైపు భుజానికెత్తినప్పుడల్ల గిదే డైలాగ్ కొడ్తం సార్. బరువు తెల్వది,” అన్నాడు మల్లేశం. “మల్లొస్తుందట గద? గదే గొంతుంటది గద సార్?”

తలాడించాను. అది ఔనో కాదో నేనే సరిగ్గా చూసుకోలేదు. దగ్గర్లో అరిటాకు మీద అన్నం తిని వెనక్కి వచ్చేశాం.

సోమవారం తొమ్మిదింటికి యూ టీలో రైలెక్కాను. జురాంగ్ ఈస్ట్, బ్యూనా విస్టా, అక్కణ్ణుంచి సర్కిల్ లైన్‌లో ఒక్క స్టేషను దాటితే వన్-నార్త్. గాజు భవనాలు, మెళ్లో కార్డులు వేలాడేసుకుని నడిచే యువతీయువకులు, చప్పుడు లేని వీధులు. ప్రవీణ్ స్టూడియో భవనం కింద నిలబడి ఉన్నాడు. ముప్ఫై అయిదు దాటి ఉంటాయి. వంగి కాళ్లకు దండం పెట్టబోతే ఆపాను.

“వచ్చేశారండి గురువుగారూ! నేను నిన్నట్నించి నిద్రే పోలేదండి,” అన్నాడు. “పద నాయనా,” అన్నాను. రెండున్నర రోజుల తరువాత నా నోట వచ్చిన మొదటి మాట అది. మాట బాగానే వచ్చింది, కాస్త ధైర్యం వేసింది.

స్టూడియోలో జపాను నుంచి వచ్చిన మోరి గారు ఉన్నారు. నాకంటే నాలుగైదేళ్లు చిన్న. ఏ భాషలోకి మార్చినా అసలు స్వభావం చెడకుండా చూడటం ఆవిడ పని. తెలుగు రాదు, చిన్న చిన్న మాటల ఇంగ్లిష్. నేను అలవాటుగా మైకును తాకి కళ్లకద్దుకుంటే ఆవిడ కూడా కొంచెం తల వంచారు.

మొదటి సీను కిహేయి తన సాటి కూలీలను కొట్టవచ్చిన దొంగల మీద అరిచేది. ఊపిరి పట్టి అరిచాను. మధ్యలో గొంతు చీలింది. మళ్లీ చెప్పాను, మళ్లీ అదే చోట చీలింది. మూడోసారి చీలలేదు కానీ అది అరుపులా లేదు, కోపగించుకున్న తాతలా ఉంది. అద్దం అవతల ప్రవీణ్ ముఖంలో నవ్వు అలాగే ఉంది, కానీ కళ్లు కాగితాల మీదికి వెళ్లాయి. రెండున్నర రోజులు దాచుకున్నదంతా ఇదేనా అనిపించింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

తరువాత ఏరు దాటే సీను. తెర మీద కిహేయి ఆగాడు. వీపు తిప్పాడు. జపాను మాటల ప్రకారం రాసిన నా ముందున్న కాగితంలో అక్కడ ఏమీ లేదు, ఖాళీ. అయినా వీపు కనపడగానే నా నోరు దానంతటదే తెరుచుకుంది. “నా భుజం ఎక్కినవాడు నా అతిథి...” పాత గర్జనలో సగం కూడా లేదు. కానీ ప్రవీణ్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. అతని కళ్లు తడిగా ఉన్నాయి.

మోరి గారు బొమ్మ ఆపించారు. “ఆయన ఏమన్నారు?” అని అడిగారు. ప్రవీణ్ ఇంగ్లిష్‌లో చెప్పాడు. ఆవిడ కోపగించుకోలేదు. నాకు అర్థం కావాలని ఒక్కొక్క మాటా విడదీసి చెప్పారు.

“మంచి మాట. కానీ ఆ నీళ్లలో నిలబడినప్పుడు కిహేయికి తను ఏం చేస్తాడో ఇంకా తెలియదు. ఈ మాట అంటే తెలిసినట్టే.”

లైబ్రరీ పుస్తకంలో మాట రాయని ఆ గళ్లు కళ్ల ముందు కదిలాయి. డైలాగు ఎగ్గొట్టారని తిట్టుకున్నాను కదా, వాళ్లు ఎగ్గొట్టలేదు. మేం పెట్టాం.

“అసలు గొంతు ఒకసారి వినిపిస్తారా?” అని అడిగాను. అప్పట్లో మద్రాసులో డబ్బింగ్ చెప్పినప్పుడు మాకు వచ్చిన టేపు హిందీది. అందులో హిందీవాడు ఉరిమితే నేను ఇంకాస్త ఉరిమాను. జపాను నటుడి గొంతు నా చెవిన ఎప్పుడూ పడలేదు. హెడ్‌ఫోన్ పెట్టారు. ముసలివాణ్ణి భుజాల మీదికి ఎక్కించుకునే ముందు కిహేయి ఏదో అన్నాడు. గొంతు సన్నగా, కొంచెం బొంగురుగా, పక్కింట్లో నిచ్చెన అడగడానికి వచ్చినవాడిలా ఉంది. నేను హెడ్‌ఫోన్ పాడైందేమో అనుకున్నాను. పాడవలేదు, కిహేయి గొంతే అంత.

ఆ మాటకు అర్థం “గట్టిగా పట్టుకోండి, నీళ్లు చల్లగా ఉంటాయి” అని మోరి గారు చెప్పారు. దాన్ని నేను మామూలుగా, ఇంట్లో మాట్లాడే గొంతుతో అన్నాను. ఆవిడ మళ్లీ అనమన్నారు. మళ్లీ అన్నాను. ఏరు మధ్యలో మాటేమీ వద్దు, ఊపిరి మాత్రం కావాలన్నారు. ఉత్త ఊపిరి నటించడం నాకు చేతకాలేదు, ఊరికే నిలబడి ఎగపోస్తే దొంగ ఊపిరిలా వినిపించింది. మైకు స్టాండు కదలకుండా దాని కాలి మీద ఇసుక సంచి ఒకటి ఉంది. దాన్ని తీసి భుజాన పెట్టమని ప్రవీణ్‌ను అడిగాను.

“నడుం పట్టేస్తుందండి గురువుగారూ!” అన్నాడు. “పెట్టు,” అన్నాను.

మోకాళ్లు కొంచెం వంచి, సంచి మోస్తూ, తెర మీద ఆ వీపును చూస్తూ నిలబడ్డాను. చంపాలా, దించాలా? నిజంగానే నాకు తెలియలేదు. ఊపిరి ఎప్పుడు ఎలా వెళ్లిందో నేను గమనించలేదు. బొమ్మ ఆగాక మోరి గారు లేచి వచ్చి సంచి దించడానికి చెయ్యి వేశారు.

మధ్యాహ్నం బ్యూనా విస్టా దగ్గర, తిండి కొట్లన్నీ ఒక్కచోట ఉండే హాకర్ సెంటరులో ప్రవీణ్‌తో కూర్చున్నాను. అక్కడ నేను చేసిన తెలివితక్కువ పని చెప్పాలి. ఖాళీ బల్ల మీద టిష్యూ ప్యాకెట్టు ఉంటే తీసి శుభ్రంగా ముక్కు తుడుచుకున్నాను. “అయ్యో, అది చోప్ అండి!” అన్నాడు ప్రవీణ్. మనం బస్సులో కిటికీలోంచి తుండుగుడ్డ వేసినట్టు, ఇక్కడ బల్ల మీద టిష్యూ ప్యాకెట్టు పెడితే ఆ చోటు వాళ్లదట. ప్యాకెట్టు తాలూకు మనుషులు పళ్లేలతో రానే వచ్చారు. క్షమాపణ చెప్పి వేరే బల్లకు మారి, కోపి, అంటే అక్కడి కాఫీ, తెచ్చుకున్నాం. మూడు రోజుల తరువాత పాలు, చక్కెర. ప్రాణం లేచొచ్చింది.

“ఓ మాట చెప్పాలండి,” అన్నాడు ప్రవీణ్. “మోరి గారికి మీరు బాగా నచ్చేశారండి. అదే గొంతు, ఈ మెల్లటి గొంతు, మొత్తం సీరియల్‌కి కావాలంటున్నారు. కానీ తెలుగు విషయంలో ఆఖరి మాట నాదేనండి. ఆ డైలాగు లేకుండా నెత్తుటి రేవు ఏంటండి? దాని కోసమే కదండి నేను వెంటపడి ఈ పని తెచ్చుకుంది.”

“ఉంచుకో మరి.”

“ఉంచితే గర్జన కావాలండి,” అన్నాడు కప్పులోకి చూస్తూ. “హైదరాబాద్‌లో ఒకతను ఉన్నాడండి. మీ పాత ఎపిసోడ్లు వినీ వినీ అచ్చు మీలాగే చెబుతాడు. మీరు ఒప్పుకుంటేనేనండి. మీకు ఇష్టం లేకపోతే వద్దు.”

సంగతి అర్థమైంది. నా డైలాగు ఉండాలంటే నేను ఉండకూడదు. నేను ఉండాలంటే అది పోవాలి. ముప్ఫై అయిదేళ్ల పనిలో జనం గుర్తుపెట్టుకున్నది ఆ ఒక్క మాటే. పాత్ర కావాలంటే దాన్ని నా చేత్తోనే తీసేయాలి. దుఃఖం వచ్చింది. పక్క బల్లల వాళ్లు చూస్తారని కోపి తాగుతున్నట్టు తల దించుకున్నాను.

“ఆ సీను ఫోనులో ఉందా? జపాను గొంతుతోటి?” అని అడిగాను. ఉంది. ఆ సందడిలో చెవికి ఆనించుకుని విన్నాను. నీళ్ల చప్పుడు, ఊపిరి, ఇంకేం లేదు. ఇంకోసారి పెట్టమన్నాను.

“తీసెయ్ ప్రవీణ్.”

“జనం తిడతారండి.”

“నన్నే కదా, తిట్టనీ. కిహేయికి తెలియనిది మనం చెప్పకూడదు.”

ప్రవీణ్ కప్పు తిప్పుతూ “సరేనండి,” అన్నాడు. అది ఒప్పుకున్న గొంతు కాదు, పెద్దవాణ్ణి కాదనలేని గొంతు. ఆ తేడా నాకు తెలుస్తుంది, నా వృత్తే అది. కథ కోసం తీసెయ్యమన్నానా, పాత్ర పోతుందని తీసెయ్యమన్నానా అని రైల్లో యూ టీ దాకా ఆలోచించాను. రెండూ ఉన్నాయి. ఏది ఎంతో తూచడం నా వల్ల కాలేదు.

ఆ సాయంత్రం సుజాత ఇంట్లో ఆవకాయ వేసుకుని, పెరుగు పోసుకుని తిన్నాను. మా ఆవిడకు ఫోన్ చేసి పాత్ర నాదేనని చెప్పాను. “మరి ఆ ఏడుపు గొంతేంటి?” అంది. ఇక మీదట అదే గొంతని చెప్పాను. అన్వి ఆ రెండు రోజుల బాకీ కింద నాతో గంట సేపు మాట్లాడించింది. లైబ్రరీ పుస్తకాన్ని కుడి నుంచి ఎడమకు మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఈసారి బుడగలు లేని చోట ఆగి చదివాను.

మంగళవారం సాయంత్రం విమానం. చాంగీకి మూడు గంటల ముందు చేరితే హాయిగా ఉంటుంది, చల్లగా తిరగొచ్చు. సింగపూర్ గురించి నాలుగు రోజుల మనిషి తీర్పు చెప్పకూడదు గానీ, నాకు తోచింది ఒకటి చెబుతాను. అక్కడ ఎవరూ గట్టిగా మాట్లాడరు, అయినా పనులు జరిగిపోతుంటాయి. అరిస్తేనే వినపడుతుందనుకునే ఊరి నుంచి వెళ్లినవాడికి మొదట బెంగగా ఉంటుంది, తరువాత చెవులు తేలికపడతాయి. వీలైతే ఇంకోసారి, ఈసారి మంకీ క్యాపు లేకుండా, వెళ్లాలని ఉంది.

విమానంలో నా పక్క సీటు గంగారాంది. కోరుట్ల దగ్గర ఊరు, భవనాల పని, రెండేళ్లకు ఇంటికి పోతున్నాడు. బెల్టు పెట్టుకోవడంలో సాయం చేశాను. “మీరేం పని మీద అచ్చిండ్రు సార్?” అని అడిగాడు. సీరియల్ డబ్బింగు పని మీదని చెప్పి, పేరు కూడా చెప్పాను. అతను సీట్లో పూర్తిగా నా వైపు తిరిగాడు.

“నెత్తుటి రేవా? మల్ల వస్తుందా? మా వాడకట్టుల ఒక్కటే టీవీ సార్ అప్పుడు. కిటికీల నుంచి చూసేటోళ్లం.”

“అందులో కిహేయికి గొంతిచ్చింది నేనే,” అన్నాను. చెప్పకుండా ఉండలేకపోయాను.

గంగారాం నన్ను కిందికీ మీదికీ చూశాడు. నొప్పించకూడదన్నట్టు మెల్లగా నవ్వాడు. “ఊకోండ్రి సార్. గా గొంతు నాకు ఎర్కలేదా? గా సార్ మాట్లాడితే మా ఇంట్ల గిన్నెలు కదిలేటియి.”

నిరూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఉన్నదల్లా ఈ గొంతే. కోపం వస్తుందేమో అనుకున్నాను, రాలేదు. నాకూ నవ్వొచ్చింది.

“గా సార్ ఉన్నడా ఇంక?” అని అడిగాడు.

“ఉన్నాడు.”

“మల్ల ఆయినే చెప్తడా?”

“లేదు. ఈసారి నేను చెబుతున్నాను. కొంచెం మెల్లగా ఉంటుంది. కేకలుండవు. వింటావా?”

మాట ఇస్తే నిలబెట్టుకోవాల్సి వస్తుందన్నట్టు గంగారాం జాగ్రత్తగా బెల్టు సరిచేసుకున్నాడు.

“మంచిగుంటే వింట సార్,” అన్నాడు.